పొగలేని బండి మన వాకిటికి వచ్చుటెట్లు?

నేడు మన దేశములో విద్యుచ్ఛక్తితో నడచు స్కూటర్లు విరివిగా తయారగుచున్న ప్రదేశములలో మన కృష్ణగిరి జిల్లా ముఖ్యమైనది. హోసూరులో టి.వి.యస్. వారి కర్మాగారము కలదు. పాలక్యానులను, ఆకుకూరల మూటలను, పూలగంపలను మోయుచు మన పల్లెబాటలలో తిరిగిన టి.వి.యస్. 50 అను చిన్నబండి 1980లో ఇచ్చటనే పుట్టినది. ఆ సంస్థవారే 2020లో విద్యుత్ స్కూటరును వెలువరించిరి. ఏథర్ అను సంస్థవారి కర్మాగారము 2021లో హోసూరున పని ప్రారంభించినది. అదే సంవత్సరమున పోచంపల్లి చెంత ఓలా వారి పెద్ద కర్మాగారము వెలసినది. 2023లో సూళగిరియందు సింపుల్ ఎనర్జీ అను వేరొక సంస్థవారును కర్మాగారమును తెఱచిరి.

పోచంపల్లి యనగానే తెలంగాణములోని చేనేత పోచంపల్లి కొందరికి స్ఫురింపవచ్చును. అది వేఱు, ఇది వేఱు. ఇది మన జిల్లాలోనిదే. అచటి కర్మాగారమును సంపూర్ణముగా స్త్రీలచేతనే నడపింపగలమనియు, అది పూర్తిస్థాయికి వచ్చినపుడు పదివేలమంది స్త్రీలకు పని లభింపగలదనియు 2021 సెప్టెంబరులో ఆ సంస్థవారు ప్రకటించిరి. ఇట్లు బండ్లకు మరలు బిగించు చేతులు మన చుట్టుపట్లనే యున్నవి. కాని ఆ బండ్లపై నెక్కి తిరుగువారు మన పల్లెలలో నెందరు? డెంకణికోట, తళి, కెలమంగళము ప్రాంతముల పల్లెలలో ఇంకను పొగ చిమ్ము పాతబండియో, కాలినడకయో, గంటల తరబడి వేచియుండవలసిన బస్సో జనులకు దిక్కగుచున్నది.

ఈ బండ్లు మంచివని చెప్పు ప్రకటనలు గోడల నిండ కలవు. అవి యెవరికి మంచివి, ఎట్టి పరిస్థితులలో మంచివి, పరిమిత సంపాదన గల కుటుంబమునకు అవి యందకుండుటకు అడ్డమేమి యను సంగతులు ఆ ప్రకటనలలో నుండవు. తల్లిదండ్రులును, లెక్కలు నేర్చిన పైతరగతుల బాలబాలికలును కలసి యోచింపదగిన విషయమగుటచే దీనిని కొంచెము విపులముగా వ్రాయుచున్నాను.

విద్యుద్వాహనము క్రొత్తగా కనిపెట్టబడినది కాదు. 1899లో కామిల్ జెనాట్జీ అను బెల్జియము దేశీయుడు పారిసు చెంత విద్యుత్ కారునెక్కి గంటకు నూరు కిలోమీటర్ల వేగమును దాటెను. రహదారి వాహనముపై ఆ వేగమును మించిన మొదటివాడు అతడే. అయినను అప్పటి బ్యాటరీ సీసపు పలకలతోను, గంధకామ్లముతోను కూడినదై మిక్కిలి బరువుగా నుండెను. ఫ్రాన్సు దేశీయుడగు గాస్టన్ ప్లాంటే 1859లో కనిపెట్టిన పద్ధతియే అది. పెట్రోలు చౌకయై, చేతితో త్రిప్పనక్కఱలేకుండ ఇంజనును కదలించు సాధనము 1912లో కార్లకు అమరుటతో విద్యుత్ కార్లు వెనుకబడెను. మరల వానికి ప్రాణము పోసినది లిథియం అయాన్ బ్యాటరీ. ఇది 1991లో విపణికి వచ్చినది. దీని నిర్మాణమునకు మూలమైన పరిశోధనలు గావించిన గుడెనఫ్, విట్టింగ్‌హామ్, యోషినో అను మువ్వురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. మన చేతి ఫోనులోని బ్యాటరీయు ఈ జాతిదే.

బ్యాటరీలో నిలువయగు శక్తిని యూనిట్లలో కొలుతురు. ఒక యూనిటనగా వేయి వాట్ల పరికరము ఒక గంట పనిచేయుటకు కావలసిన విద్యుత్తు. మన యింటి పంకా సామాన్యముగా 75 వాట్లది. అనగా ఒక యూనిటుతో అది పదుమూడు గంటలు తిరుగును. మూడు యూనిట్లు పట్టు బ్యాటరీ గల స్కూటరు నడచు తీరును బట్టి 90 లేక 100 కిలోమీటర్లు పోవును. ప్రకటనలో నింకను ఎక్కువ చెప్పుదురు గాని, ఇద్దఱెక్కినప్పుడును, ఎగువబాట పట్టినప్పుడును ఆ లెక్క నిలువదు. పెట్రోలు ఇంజనులో ఇంధనశక్తిలో నాలుగవ పాలు మాత్రమే చక్రమును త్రిప్పును. మిగిలినదెల్ల వేడిగా పోవును. విద్యుత్ మోటారులోనన్ననో నూటికి ఎనుబది పాళ్లకు పైగా చక్రమునకు చేరును. ఈ బండి పొదుపునకు కారణమిదియే కాని వేఱు మహిమ యేమియు లేదు.

ఇది నిజముగా పొగలేని బండియా యని కొందఱు శంకింతురు. ఆ శంక సమంజసమే. మన దేశమున విద్యుత్తులో అధికభాగము నేటికిని బొగ్గు కాల్చుటవలననే పుట్టుచున్నది. బండి చెంత పొగ రాకున్నను బొగ్గు కేంద్రము చెంత వచ్చును. లెక్క చూతము. ఒక లీటరు పెట్రోలు కాలినచో సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడును. స్కూటరు నూరు కిలోమీటర్లకు రెండు లీటర్లు త్రాగుననుకొన్నచో 4.6 కిలోలు. విద్యుత్ స్కూటరు, బ్యాటరీ నింపునపుడు కలుగు నష్టముతో కూడ, నూరు కిలోమీటర్లకు మూడున్నర యూనిట్లు తీసికొనును. మన దేశపు విద్యుత్తులో సగటున ఒక యూనిటుకు 0.7 కిలోల వాయువని యెంచినను అది రెండున్నర కిలోలకు మించదు. కనుక పూర్తిగా నిర్మలము కాకున్నను సుమారు సగము మేలు. సూర్యరశ్మివలనను, గాలివలనను పుట్టు విద్యుత్తు పెరిగినకొలది ఈ మేలును పెరుగును. పెట్రోలు బండికి అట్టి యవకాశము లేదు. అది కొన్ననాడెట్లో చివరినాడును అట్లే, లేదా అంతకంటె చెడ్డగా, పొగ విడుచును.

ఇంకొక సంగతి. పొగ యందఱికిని సమానముగా పంచబడదు. రహదారి యంచున గుడిసెలలో నుండువారును, దుకాణపు అరుగుపై పగలెల్ల కూర్చుండువారును, బస్సుకొఱకు నిలుచు పిల్లలును పీల్చినంత పొగను అద్దాలు మూసిన కారులో పోవువారు పీల్చరు. అయితే మన పెద్దబాటపై నడచు లారీల పొగను రెండుచక్రముల బండ్లు మార్చుటచేత మాన్పలేము. అట్లని చెప్పువారి మాట నమ్మరాదు.

ఇక అసలు విషయమగు డబ్బులెక్కకు వత్తము. పాలు పోయు నొక గృహస్థుడు దినమునకు 40 కిలోమీటర్లు, నెలకు 25 దినములు తిరుగుననుకొందము. నెలకు వేయి కిలోమీటర్లు. లీటరునకు 50 కిలోమీటర్లు వచ్చినచో 20 లీటర్లు. లీటరు నూరు రూపాయలని యెంచిన రెండువేల రూపాయలు. విద్యుత్తుతోనన్నచో 35 యూనిట్లు. తమిళనాట గృహములకు రెండు నెలలకొకమారు మొదటి నూరు యూనిట్లు ఉచితముగా నిచ్చు పద్ధతి 2016లో ప్రారంభమైనది గాని, ఇంటి వాడుక కంతకును పైన బండి వాడుక చేరును గనుక అది పైమెట్టు ధరలోనే పడును. అందుచే యూనిటుకు ఎనిమిది రూపాయల వంతున లెక్కించినను 280 రూపాయలు. నెలకు 1,720 రూపాయలు మిగులును. విద్యుత్ బండి పెట్రోలు బండికంటె ముప్పదివేలు ఎక్కువ ఖరీదుదనుకొన్నను, పదునెనిమిది నెలలలో ఆ యధికము తీరును.

దినమునకు పది కిలోమీటర్లు మాత్రమే తిరుగు మాబోటి యుపాధ్యాయుని సంగతి యేమి? నెలకు 250 కిలోమీటర్లు. పెట్రోలునకు 500, విద్యుత్తునకు 70. మిగులునది 430 రూపాయలు. అతనికి ముప్పదివేలు తీరుటకు అయిదేండ్ల పది నెలలు పట్టును. ఆలోగా బ్యాటరీకి ముసలితనము వచ్చును.

ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. ఈ బండివలన నెవనికి ఎక్కువ లాభము? ఎక్కువ దూరము తిరుగువానికి. ఎక్కువ దూరము తిరుగువాడెవడు? పాలు పోయువాడు, పూలు మండీకి చేర్చువాడు, ఆకుకూర లమ్మువాడు, ఆటో నడపువాడు, ఇంటింటికి సరకు లందించు పడుచువాడు. అనగా నెల జీతపు చీటి చూపలేనివాడు, సొంత యిల్లు లేనివాడు, బ్యాంకువారు అప్పిచ్చుటకు వెనుకాడువాడు. జీతపు చీటి చేతనున్నవానికి అప్పు సులభముగా దొరకును. అతనికి లాభము తక్కువ. లాభము హెచ్చుగా పొందగలవానికి అప్పే కష్టము. ఈ విషయమునందు తిరకాసంతయు ఇచటనే యున్నదని నా యభిప్రాయము. యంత్రములో లోపము లేదు. అప్పు దొరకు తీరులో నున్నది.

బ్యాంకులో త్రోవ దొరకనివాడు వేఱు కంపెనీలకడకు పోవును. లక్ష రూపాయలు మూడేండ్ల గడువుతో నూటికి 12 వడ్డీకి దొరకినచో, అసలు తగ్గినకొలది వడ్డీ తగ్గు పద్ధతిలో, నెల వాయిదా 3,321 రూపాయలు. అదే లక్షకు నూటికి 24 చొప్పున వడ్డీ యైనచో వాయిదా 3,923. చూచుటకు నెలకు ఆఱునూర్ల తేడాయే. మూడేండ్లకు అది 21,000 రూపాయలకు పైబడును. పెట్రోలు మానుటచే మిగిలిన సొమ్ములో ఒక సంవత్సరపు పొదుపు పూర్తిగా వడ్డీకి పోయినట్లే.

వేరొక మాయ కలదు. కొందరు "నూటికి పండ్రెండే, మార్పులేని వడ్డీ" యని చెప్పుదురు. దాని యర్థమేమనగా, మొదటి నెలలో నెంత అసలుకు వడ్డీ కట్టిరో చివరి నెలలోను అంత అసలుకే వడ్డీ కట్టవలెను. నడుమ నీవు తీర్చిన యసలును వారు లెక్కలోనికి తీసికొనరు. లక్షకు సంవత్సరమునకు పండ్రెండువేల వంతున మూడేండ్లకు ముప్పదియాఱువేలు. మొత్తము 1,36,000 రూపాయలను 36 నెలలకు పంచిన వాయిదా 3,778 అగును. తగ్గుచు వచ్చు అసలుపై లెక్కించినచో ఇది నిజమునకు నూటికి 21కి పైబడిన వడ్డీ. పదవ తరగతి బాలబాలికలారా, ఈ రెండు పద్ధతులను మీరు కాగితముపై లెక్కించి మీ తల్లిదండ్రులకు చూపగలరు. పుస్తకములోని వడ్డీలెక్కలు ఎందులకని నన్నడుగువారికి, నా యుత్తరమిది.

భారత రిజర్వు బ్యాంకువారు 2024 ఏప్రిల్ 15వ తేదీన ఒక యుత్తరువు వెలువరించిరి. దాని ప్రకారము 2024 అక్టోబరు 1వ తేదీ మొదలుకొని బ్యాంకులును, అప్పులిచ్చు కంపెనీలును వ్యక్తులకిచ్చు అప్పులకు ముందుగా నొక ముఖ్యాంశముల పత్రము ఇయ్యవలెను. అందులో అన్ని రుసుములను కలుపుకొని సంవత్సరమునకు నిజముగా పడు వడ్డీశాతము నొకచోటనే చూపవలెను. ఇందాకటి నూటికి పండ్రెండు మాయ ఆ శాతము చూచినంతనే బయటపడును. ఆ పత్రములో చూపని రుసుము నేదియు అప్పు తీసికొన్నవాని స్పష్టమైన యంగీకారము లేక తరువాత వసూలు చేయరాదు. ఏడు దినములకు తక్కువ కాని గడువు గల యప్పులకు ఆ పత్రమును చూచుకొనుటకు కనీసము మూడు పనిదినములు వ్యవధియు కలదు. అన్నిటికంటె మనకు ముఖ్యమైనది ఒకటి: ఆ పత్రము అప్పు తీసికొనువానికి అర్థమగు భాషలో నుండవలెను, దానిలోని సంగతులు వానికి విప్పి చెప్పవలెను, చెప్పినట్లు వానికడ ఒప్పుదల తీసికొనవలెను.

తెలుగు మాత్రమే చదువ నేర్చిన తల్లి ఒకతె హోసూరులో అప్పు కాగితముపై సంతకము చేయవలసి వచ్చినపుడు, "నాకీ పత్రము తెలుగున కావలెను" అని యడుగుట యాచన కాదు. అది పై యుత్తరువు ఆమెకిచ్చిన హక్కు. తమిళమే వచ్చినవారు తమిళమున, కన్నడమే వచ్చినవారు కన్నడమున అడుగుదురు గాక. మనవారు అడుగుటకే సిగ్గుపడి, ఇంగ్లీషు కాగితముపై చూపిన చోటెల్ల సంతకము చేసి వచ్చుట నేనెఱుగుదును. అసలు, వడ్డీ, వాయిదా, గడువు, జామీను, చెల్లు - అప్పునకు సంబంధించిన మాటలన్నియు మన తాతముత్తాతల నోట నానినవే. వానిని తెలుగున వ్రాయుటకు చాలనంతటి పేదతనము మన భాషకు రాలేదు. అడుగువారు లేకపోవుటచేతనే వ్రాయువారు లేరు.

ప్రభుత్వము వారి సహాయము లేకపోలేదు. కేంద్రప్రభుత్వమువారు ఫేమ్ అను పథకమును 2015లో ప్రారంభించి, దాని రెండవ విడతను 2019 ఏప్రిల్ నుండి 2024 మార్చి వరకు పదివేల కోట్ల రూపాయల యంచనాతో నడపిరి. 2024 అక్టోబరులో పి.యం. ఇ-డ్రైవ్ అను పథకము వచ్చినది. రెండుచక్రముల బండికి 2021 జూనులో బ్యాటరీ యూనిటుకు పదునైదువేల రూపాయలుగా నున్న సహాయము తరువాతి పథకములో అయిదువేలకు, 2025 ఏప్రిల్ నుండి రెండున్నరవేలకు తగ్గెను. పన్ను 2019 ఆగష్టు 1 నుండి నూటికి పండ్రెండు బదులు అయిదయినది. కాని 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న పెట్రోలు బండ్ల పన్నును నూటికి ఇరువదియెనిమిది నుండి పదునెనిమిదికి తగ్గినందున ఆ తేడా కొంత తఱిగినది.

ఈ సహాయముల యందు ఒక స్వాభావికమైన కొఱత కలదు. కొన్నవాని బండి ధర తగ్గును. కొనలేనివానికి ఏమియు రాదు. వానికి కావలసినది పదివేల తగ్గింపుకంటె నమ్మకమైన, తక్కువ వడ్డీ అప్పు. మహిళాసంఘములు పొదుపు చేయుచు, సభ్యులకు పూచీపడుచు అప్పులు తీర్చిన యనుభవము దక్షిణదేశమున చాలకాలముగా కలదు. పాడి పశువు కొఱకు పూచీపడిన సంఘము, పాలు చేర్చు బండికి ఏల పూచీపడరాదు? ఈ ప్రశ్న మన సంఘములలో లేవనెత్తదగినది.

చౌకగా దొరకు పాతబండి విషయమున జాగ్రత్త యవసరము. బీదలు చాలమంది క్రొత్తబండి కొనరు. ఎవరో వాడి విడిచినది కొందురు. పెట్రోలు మోపెడైనచో అది తప్పు కాదు; ఊరి మెకానికు దానిని బాగుచేయగలడు. విద్యుత్ బండి ధరలో పెద్దపాలు బ్యాటరీదే. బ్యాటరీ ఆయువు తీరనున్న బండిని చౌకయని కొన్నచో తరువాత క్రొత్త బ్యాటరీకి కొన్న ధరను మించి పెట్టవలసి రావచ్చును. కొనక ముందు పూర్తిగా నింపించి, ఎంత దూరము పోవునో నడిపి చూచుకొనవలెను. బ్యాటరీకి కంపెనీవారి పూచీ ఇంకెన్ని నెలలున్నదో, అది క్రొత్త యజమానికి చెల్లునో లేదో వ్రాతమూలకముగా తెలిసికొనవలెను.

బండిని నింపుటెచ్చట ననునది మఱియొక చిక్కు. సొంత వాకిలి, సొంత మీటరు గలవానికి చిక్కు లేదు. వరుసయిండ్లలో అద్దెకుండువాడు మేడమీదినుండి తీగ వ్రేలాడదీయలేడు. ఇంటి యజమాని యొప్పుకొనడు. అట్టివారికి బ్యాటరీని విప్పి లోపలికి తీసికొనిపోగల బండి అనుకూలమని తోచును. కాని దీనిలో నపాయమును కలదు. 2022 మార్చిలో వేలూరులో రాత్రి యింటిలో నింపుటకు పెట్టిన బండి అంటుకొనగా, ఆ పొగలో ఊపిరాడక తండ్రియు కూతురును మరణించిరి. ఆ యేడు అట్టి ప్రమాదములు పలుచోట్ల జరుగుటచే ప్రభుత్వమువారు బ్యాటరీ పరీక్షల నిబంధనలను 2022 డిసెంబరు నుండి కఠినపఱచిరి. నిబంధనలెట్లున్నను, పండుకొను గదిలోను, బయటికి పోవు ద్వారమునకు అడ్డముగాను బ్యాటరీ నింపరాదు. పాతయిండ్లలో ఎర్త్ తీగ సరిగా నుండదు. విద్యుత్ పని తెలిసినవానిచే ఆ ప్లగ్గును ముందుగా చూపించుట మంచిది. ఎండలో తిరిగి వచ్చిన బ్యాటరీని చల్లారనిచ్చి పిమ్మట నింపవలెను. బండితో వచ్చినది గాక వేఱు చార్జరు వాడరాదు.

బాలబాలికలకు సంబంధించిన చట్టము నిచట చెప్పుట యవసరము. మోటారు బలము 250 వాట్ల లోపలను, వేగము గంటకు 25 కిలోమీటర్ల లోపలను ఉండి, నిర్ణీత బరువును మించని విద్యుత్ బండ్లు చట్టప్రకారము మోటారు వాహనములుగా నెంచబడవు. వానికి రిజిస్ట్రేషను, లైసెన్సు అక్కఱలేదు. "పిల్లలకు లైసెన్సు వలదు" అని దుకాణదారు చెప్పునది ఈ బండ్లను గూర్చియే. వేగమును పెంచి యిత్తుమని యెవరైన చెప్పి మార్చినచో అది మోటారు వాహనమైపోవును. పిన్నవయస్కుడు లైసెన్సు లేక మోటారు వాహనమును నడిపి చట్టమును మీఱినచో, 2019లో సవరింపబడిన చట్టము ప్రకారము సంరక్షకునకో యజమానికో ఇరువదియైదువేల రూపాయల జరిమానాయు, మూడేండ్లవఱకు ఖైదును విధింపవచ్చును. బండి రిజిస్ట్రేషను ఒక సంవత్సరము రద్దగును. ఆ పిల్లవానికి ఇరువదియైదేండ్లు నిండువఱకు లైసెన్సు దొరకదు. శబ్దము చేయని బండియని పదవ తరగతి బాలునిచేతికిచ్చు తండ్రి ఈ సంగతి తెలిసి యియ్యవలెను.

ఇంతవఱకు మోటారు బండ్లను గూర్చియే చెప్పితిని. కాని పొగలేని బండియనగా అన్నిటికంటె ముందు జ్ఞప్తికి రావలసినది సైకిలు. దీనిని బీదలకు చేర్చుటలో మన తమిళనాడే దేశమునకు దారి చూపినది. 1991 మొదలు పుదుక్కోట జిల్లాలో జరిగిన అక్షరాస్యతోద్యమమున చదువుతోపాటు స్త్రీలకు సైకిలు నేర్పుట ఒక భాగమయ్యెను. అప్పటి కలెక్టరు శ్రీమతి షీలారాణి చుంకత్ దీనిని ప్రోత్సహించిరి. రాతిగనులలో పనిచేయు స్త్రీలు, కూలికి పోవు స్త్రీలు, అంగన్‌వాడీ కార్యకర్తలు వేలకొలదిగా సైకిలు నేర్చిరి. మొదట ఎగతాళి చేసినవారు లేకపోలేదు. ఆడువారి సైకిళ్లు చాలక వారు మగవారి సైకిళ్లనే యెక్కిరి; ముందున్న కడ్డీపై బిడ్డను కూర్చుండబెట్టుకొనుటకు అదియే వీలని కొందఱు దానినే కోరిరి కూడ. నీళ్లు తెచ్చుట, సరకు సంతకు చేర్చుట, బిడ్డను వైద్యునికడకు తీసికొనిపోవుట - ఇవన్నియు మగవాని తీరికకొఱకు వేచియుండక జరుగసాగెను. బండి అందకుండుటకు ధర యొక్కటియే కారణము కాదనియు, "నీవెక్కరాదు" అను మాట ధరకంటె పెద్ద యడ్డమనియు ఆ జిల్లావారు కన్నులార చూచిరి.

పదునొకండవ తరగతి పిల్లలకు ప్రభుత్వము సైకిళ్లిచ్చు పద్ధతియు తమిళనాట 2001-02లో ఆరంభమైనది. బీహారు రాష్ట్రమువారు 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్లిచ్చు పథకము పెట్టిరి. కార్తీక్ మురళీధరన్, నిషీథ్ ప్రకాశ్ అను అర్థశాస్త్రవేత్తలు దాని ఫలితమును పరిశీలించి, ఉన్నత పాఠశాలలో చేరు బాలికల సంఖ్య నూటికి 32 పాళ్లు పెరిగెననియు, బాలురకు బాలికలకు నడుమ నున్న యంతరము నూటికి 40 పాళ్లు తగ్గెననియు తేల్చిరి. పాఠశాల దూరముగా నున్న గ్రామములలోనే ఈ మేలు హెచ్చు. తెలుగు మాధ్యమపు పాఠశాలలు ఊరూర నుండవు. మన పిల్లలు ఇతరులకంటె దూరము నడచి రావలసినవారు. తల్లిభాషలో చదువు మానుట కొన్ని యిండ్లలో భాషపై విముఖతచే గాక, దారి దూరమగుటచేతనే జరుగుచున్నది. మన వంటి పాఠశాలలకు సైకిలు ఆఱవ తరగతినుండియే కావలెనని నేను తలంతును.

సొంత బండి కొనలేని వారికి బస్సు కలదు. తమిళనాట సాధారణ టౌను బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు లేని ప్రయాణము 2021 మే నెలలో ప్రారంభమైనది. కర్ణాటకములో 2023 జూనులో. సరిహద్దువాసులమగు మనకు ఇచట నొక చిత్రము కలదు. కర్ణాటకపు వసతి ఆ రాష్ట్రపు స్త్రీలకే గనుక, హోసూరునుండి అత్తిబెలె దాటి పనికి పోవు మన యాడువారికి గడప దాటినంతనే టిక్కెట్టు పడును. విద్యుత్ బస్సులు బెంగుళూరులో తిరుగుచున్నవి. చెన్నపట్టణమున 2025 జూన్ 30వ తేదీన 120 బస్సులు ఒక్కమారుగా ప్రవేశపెట్టబడినవి. మొదట మహానగరములకే పోవుట వ్యయదృష్ట్యా సహజము కావచ్చును. కాని దినమునకు నాలుగు మార్లు మాత్రమే బస్సు వచ్చు పల్లెకు, వచ్చునది విద్యుత్ బస్సా డీజిలు బస్సా యనుదానికంటె, అయిదవమారు వచ్చునా యను ప్రశ్నయే పెద్దది.

చివరకు పాత బ్యాటరీ సంగతి. సీసపు బ్యాటరీలను పెరటిలో పగులగొట్టి సీసమును కరగించువారు కొన్ని యూళ్లలో కలరు. సీసపు ఆవిరియు, ధూళియు చిన్నపిల్లల మెదడునకు హాని కలిగించును. ఆ నేలలో పెరిగిన కూరలోను అది చేరును. లిథియం బ్యాటరీని విప్పబూనిన మంట లేచును. 2022 ఆగష్టులో వెలువడిన బ్యాటరీ వ్యర్థముల నిబంధనల ప్రకారము, చెడిన బ్యాటరీలను సేకరించి తిరిగి శుద్ధిచేయించు బాధ్యత తయారుదారులది. కావున బ్యాటరీ ఆయువు తీరినపుడు, అమ్మిన దుకాణమునకే దానిని తిరిగి యిచ్చి, రశీదు తీసికొనవలెను. పాతసామాను కొనువాడు నాలుగు రూపాయ లెక్కువ యిత్తునన్నను ఇయ్యరాదు.